పేరు రాయని కాగితం

గూస్‌నెక్ వంతెన కింద, హాంకాంగ్
12 సెప్టెంబరు 2022

ఒరేయ్ హిమ్,

ముందుగా, ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు చదివే జైలు దొరగారికి నా దండాలు. అయ్యా, నా దస్తూరీ బాగుండదు. అరవై ఏడేళ్ల ముసలిదాన్ని, రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు. కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదువుకోండి. ఇందులో కుట్ర ఏమైనా కనిపిస్తే నాకూ చెప్పండి. నా జన్మలో ఒక్క కుట్రయినా కుదిరిన పాపాన పోలేదు.

ఇక మన సంగతి. చంద్రుడి పండగ వెళ్లిపోయింది. నీ వాటా కేకు కూడా నేనే తిన్నాను. ఎవరికైనా పెడదామంటే మనింటికి వచ్చేవాళ్లు తగ్గారు. మన మేడలో ఎనిమిదో అంతస్తావిడ నేను లిఫ్టులో ఉంటే మెట్లెక్కి పోతోంది. ఆవిడ కాళ్లకి మంచిదేలే.

మొన్న గురువారం నా స్టూలు దగ్గరికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, చేతుల్లో ప్లాస్టిక్ ఫోల్డర్లు. ఏ ఆఫీసో చెప్పలేదు. ఈ రోజుల్లో చెప్పనివాళ్లే పెద్ద ఆఫీసు వాళ్లు.

"పెద్దమ్మా, ఇక్కడ మీరేం చేస్తుంటారు?" అన్నాడు ఒకడు.

"కనబడట్లేదా నాయనా? నీకు ఎవడి మీదైనా కడుపుమంట ఉందనుకో. వాడి పేరూ పుట్టిన తేదీ ఈ కాగితం బొమ్మ మీద రాస్తావు. నేను దాన్ని ఇటుక మీద పెట్టి బూటుతో చితక్కొడతాను. ఆనక కాల్చేస్తాను. వాడి పీడ నీకు విరగడవుతుంది."

"ఎవరెవరి పేర్లు రాయిస్తారు?"

"అత్తగార్లవి, మేనేజర్లవి, మొగుళ్లు ఉంచుకున్నవాళ్లవి."

"ప్రభుత్వంలో పనిచేసేవాళ్లవి?"

"ఉంచుకున్నది ఎక్కడ పనిచేస్తుందో నేను అడగను బాబూ."

అది కూడా రాసుకున్నాడు! నవ్వడం ఎప్పుడు మర్చిపోయాడో, వాడి తల్లి ఏం పెట్టి పెంచిందో. రెండోవాడు ఫోల్డరు తెరిచి చదివాడు. అధికారుల పేర్లు రాసి కొడితే అది ప్రభుత్వం మీద ద్వేషం రెచ్చగొట్టడమట. ఇకమీదట ఎవరు ఎవర్ని కొట్టించారో నేనొక రిజిస్టరు పెట్టాలట. అరవై ఆరు సెక్షన్ల దేశభద్రతా చట్టం, వెనకాల అంత పెద్ద సైన్యం, వంతెన కింద ముసలిది కొట్టే అరచేతంత కాగితాన్ని చూసి ఒణుకుతోంది. ఇలాంటి పిరికి చట్టాన్ని నా పుట్టుకలో చూడలేదు.

నేను మాత్రం చాలా మర్యాదగా "అలాగే బాబూ" అన్నాను. ఆ రోజు నుంచి అసలు పేరు రాయడమే మానేశాను. కొట్టించుకునేవాడి పేరు మనసులో అనుకోమంటున్నాను, ఉత్త బొమ్మని కొడుతున్నాను. లేని పేరుకి రిజిస్టరు ఎలా పెడతారో పెట్టుకోమను.

ఇంకోమాట. నా పాత బూటు అడుగు ఊడిపోయింది. గుమ్మం దగ్గర నీ పరుగుబూట్లు ఉన్నాయి కదా, ఆ పొద్దున ఆరింటికి వచ్చినవాళ్లు నిన్ను రబ్బరు చెప్పులతోనే ఈడ్చుకుపోయారు కదా. వాటిలో ఎడమది తీసుకున్నాను. మగవాడి బూటు దెబ్బకి బలం ఎక్కువ. ఏమీ అనుకోకు.

నీ ఆరో అత్త


రిమాండు జైలు
2 అక్టోబరు 2022

అత్తా,

నీ దండాలు దొరగారికి అందాయి. ఉత్తరం చేతికిస్తూ "మీ అత్త బూటు నా వైపు రాకుండా చూడు" అన్నాడు. పద్దెనిమిది నెలల్లో ఇక్కడ మనిషిలా మాట్లాడినవాడు అతనొక్కడే. ఈ వాక్యం చదివి బదిలీ చేస్తారేమో.

బూటు వాడుకో. జాగ్రత్త, ఎడమ కాలిది మడమ దగ్గర కొంచెం అరిగింది.

మా లాయరు కొత్త కాగితాలు తెచ్చాడు. మా అయిదుగురినీ లోపల వేయించిన ఆ చింపుడు క్యాలెండర్ మీద ప్రాసిక్యూషన్ ఎవరో పండితుడి చేత నివేదిక రాయించింది. రోజుకో పేజీకి కింద మేం రాసిన ఆ రెండు లైన్లు లేవూ, ‘చేయదగినది, చేయకూడనిది’ అని? మన ఊరు చైనా చేతికి వెళ్లిన రోజు, జులై ఒకటి పేజీ మీద ‘చేయదగినది: నిటారుగా నిలబడటం. చేయకూడనిది: అడగకముందే చప్పట్లు కొట్టడం’ అని ఉంది. ఆ రెండు లైన్లతో రాజ్యం ఎలా కూలిపోతుందో నలభై పేజీలు రాశాడు ఆ మహానుభావుడు. అచ్చేసిన అయిదు వందల్లో మూడు వందలు మా మంచాల కింద పడి ఉండేవి, కొనే దిక్కు లేక. మమ్మల్ని ఇంత శ్రద్ధగా చదివింది ఈ ప్రభుత్వం ఒక్కటే. రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి.

ఆ లైన్లు ఎవరు రాశారని మా అయిదుగురినీ విడివిడిగా అడుగుతూనే ఉన్నారు. అయిదుగురిదీ ఒకటే జవాబు: గుర్తులేదు. పాక్-యిన్ పక్క గదిలో ఉంటాడు. గోడ మీద తట్టి, ఈ రోజు చేయదగినది ఏమిటని అడుగుతాడు. పళ్ల డాక్టరు కొడుకు మాన్-హేయ్ దుప్పటి కప్పుకుని ఏడుస్తాడు, పొద్దున్నే లేచి అందరి రొట్టె తినేస్తాడు.

రంగు చాక్లెట్ గోళీలు రెండు పొట్లాలు, నల్ల పెన్ను, తువ్వాలు పంపు.

హిమ్


గూస్‌నెక్ వంతెన కింద
22 నవంబరు 2022

ఒరేయ్ హిమ్,

విన్నావా? నీకు చెప్పే ఉంటారు. మీ అయిదుగురిలో ఒకడు అమ్ముడుపోయాడట. నేరం ఒప్పుకుని, మిగిలిన నలుగురికీ ఎదురు సాక్ష్యం చెబుతాడట. వాడి పేరు బయటపెడితే జైలట, అంచేత కోర్టులో తెర వెనక కూర్చోబెట్టి అడుగుతారట. కొత్తపెళ్లికూతురు మరి, సిగ్గు పాపం.

ఈ చట్టం రాసినవాళ్లంటే నాకు అసహ్యం, కానీ వాళ్లు మన మనుషులు కారు, మన అన్నం తినలేదు. వీడు తిన్నాడు. మీ అందరికీ నేను ఆ క్యాలెండర్లు కుట్టడానికి సూదీ దారం ఇచ్చాను, కుట్టినంతసేపూ గంజి కాచి పోశాను. అందులో ఒక గిన్నె వీడు తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, ఇప్పుడు స్నేహితుడి మెడ మీద కాలేసి గోడ దూకుతున్నాడు.

పాక్-యిన్ వాళ్లమ్మ వచ్చింది. లాండ్రీలో పని అయిపోగానే తిన్నగా వంతెన కిందకి. మనిషి సగమయింది. ఆ లైన్లన్నీ రాసింది తన కొడుకే అని ఆ సాక్షి చెబితే పదేళ్లు తప్పవన్నాడట లాయరు. ఎవరూ ఏమీ చెప్పకపోతే రుజువు లేదట. అంతా వాడి నోట్లోనే ఉంది.

"ఆరో అత్తా, వాడి పేరు నాకు తెలీదు. కొట్టగలవా?" అంది.

"పేరులేనివాళ్లని కొట్టడమే ఇప్పుడు నా పని, కూర్చో" అన్నాను.

నీ బూటుతో కొట్టాను హిమ్. తల మీద కొట్టాను, తల ఎత్తకుండా. నోటి మీద కొట్టాను, మాట పెగలకుండా. వీపు మీద కొట్టాను, పక్క మీద వాలకుండా. ఎన్ని వేల బొమ్మల్ని కొట్టి ఉంటానో, ఇంత ఇష్టంగా ఎప్పుడూ కొట్టలేదు. ఇక ప్రతి మంగళవారం వస్తానంది. ఆమె దగ్గర ఏమీ తీసుకోను. ఇది నా సొంత ఖర్చు.

ఎవడో నాకు తెలుసులే. దుప్పట్లో ఏడ్చేవాడే. తండ్రి పళ్ల డాక్టరు, పెద్ద లాయర్లు, ఏసీలో పెరిగిన ప్రాణం. నిన్న బజార్లో ఆ డాక్టరు ఎదురై నమస్కారం పెట్టబోతే, ఆయన బూట్ల ముందు ఉమ్మేశాను.

చాక్లెట్లు పంపాను. పాక్-యిన్‌కీ ఇవ్వు.

నీ ఆరో అత్త


(ఊరి పేరు రాయకూడదన్నారు)
14 డిసెంబరు 2022

అత్తయ్యకి,

నేను క్షేమం. నన్ను వేరే చోటికి మార్చారు. ఇక్కడ గదిలో ఒక్కడినే ఉంటాను. కిటికీ ఉంది. భోజనం ఫరవాలేదు. కొన్నాళ్లు ములాకాత్‌లు ఉండవు, నువ్వు అంత దూరం రావద్దు, మోకాళ్లు జాగ్రత్త.

చాక్లెట్లు అందాయి. పాక్-యిన్‌కి ఇవ్వడం కుదరలేదు.

మాన్-హేయ్ వాళ్ల నాన్నని ఏమీ అనకు. తెలియకుండా ఒకరిని అనడం మంచిది కాదు.

ఒక సంగతి అడగాలి. ఊరికే, తెలుసుకుందామని. పేరూ తేదీ రాయని కాగితాన్ని కొడితే ఆ దెబ్బ నిజంగా ఎవరికైనా తగులుతుందా?

నీ మేనల్లుడు
హిమ్


గూస్‌నెక్ వంతెన కింద
17 జనవరి 2023

ఒరేయ్,

‘అత్తయ్యకి’ ఏమిట్రా? ‘నేను క్షేమం’ ఏమిటి? బ్యాంకు వాళ్లు కూడా ఇంతకంటే ప్రేమగా రాస్తారు. కిటికీ ఉన్న గది ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు? జబ్బేమైనా చేసిందా? దాచకు. మీ అమ్మ పోయిన మర్నాటి నుంచి నీ ముక్కు తుడిచింది నేను. నీ బాబు సరిహద్దు దాటిపోయి ఇంకో కాపురం పెట్టినప్పుడు నీకు అబద్ధం చెప్పకుండా నిజం చెప్పింది నేను. మన మధ్య ఈ మర్యాదలెందుకు?

ఇక నీ ప్రశ్న. ఇన్నేళ్లూ నా పనిని మూఢనమ్మకం అని ఎగతాళి చేసిన చదువుకున్నవాడివి, జైల్లో పడ్డాక బుద్ధొచ్చింది, సంతోషం. విను. పేరూ పుట్టిన తేదీ రాస్తే దెబ్బ తిన్నగా వెళ్లి తగులుతుంది. రెండింట్లో తేదీయే ముఖ్యం. ఒకే పేరుతో ఊళ్లో వందమంది ఉంటారు. ఏమీ రాయకపోతే దెబ్బ తిరుగుతుంది. ఇల్లిల్లూ తిరిగి, తప్పు చేసినవాడెవడో వాడినే వెతుక్కుంటుంది. ఆలస్యం అవుతుంది గానీ ఆగదు. మా గురువమ్మ చెప్పింది, నేను నమ్ముతాను.

పాక్-యిన్ వాళ్లమ్మ ఒక్క మంగళవారం కూడా మానలేదు. ఇవాళ్టితో తొమ్మిది. నీ బూటు అడుగు నున్నబడిపోయింది.

వచ్చే ఆదివారం కొత్త సంవత్సరం. పన్నెండేళ్లకోసారి తిరిగొచ్చే జంతువుల వరసలో నీ కుందేలు సంవత్సరం మళ్లీ వచ్చింది, నా గొర్రెకి ఇంకా నాలుగేళ్లుంది. పుట్టిన సంవత్సరం తిరిగొస్తే గండం అంటారు. ఎర్ర మొలతాడు పంపుతున్నాను, దొరగార్లు ఒప్పుకుంటే కట్టుకో.

జైలు దొరగారూ, ఇది మొలతాడు. నిచ్చెన కాదు.

నీ ఆరో అత్త


(ఊరి పేరు లేదు)
31 జనవరి 2023

అత్తా,

[ఇక్కడ ఆరు వరుసల మీద నల్ల సిరా]

నాకు వీపు నొప్పిగా ఉంటోంది. మంగళవారాలు మరీ ఎక్కువ. నవంబరు నుంచి ఇంతే. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. ఆ కాగితాన్ని కొట్టడం ఆపెయ్. ఆపలేకపోతే వేరే బూటుతో కొట్టు.

పళ్ల డాక్టరుగారి ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పు. మాన్-హేయ్ ఏడుస్తాడు, అంతే. ఏడ్చేవాడు

[ఇక్కడ రెండు వరుసల మీద నల్ల సిరా]

మొలతాడు ఇవ్వలేదు.

హిమ్


గూస్‌నెక్ వంతెన కింద
9 ఫిబ్రవరి 2023

హిమ్,

‘ఒరేయ్’ అని రాయడానికి చెయ్యి రాలేదు.

నల్ల సిరా దొరగారి తెలివికి జోహార్లు. దాచాల్సినవన్నీ కొట్టేసి అసలు సంగతి వదిలేశాడు. వీపు నొప్పి అంటే జబ్బనుకున్నాడు పాపం. నేనూ మొదట అలాగే అనుకుని మందు పట్టీలు కొనడానికి బయల్దేరాను. కొట్టువాడు "ఎక్కడమ్మా నొప్పి?" అన్నాడు. ‘వీపు’ అనబోతుంటే అప్పుడు అర్థమైంది. పట్టీలు కొనకుండానే ఇంటికి తిరిగొచ్చాను.

ఇన్ని మంగళవారాలు. నా చేత్తో, నీ బూటుతో. నోటి మీద కొట్టాను, వీపు మీద కొట్టాను, ఇష్టంగా కొట్టానని నీకే ఉత్తరం రాశాను. నువ్వది చదివి, ‘ఊరికే, తెలుసుకుందామని’ అడిగావు.

డాక్టరుగారింటికి వెళ్లాను. తలుపు తీసి నన్ను చూసి వెనక్కి జరిగాడు, మళ్లీ ఉమ్ముతానేమోనని. తప్పయిపోయింది బాబూ అన్నాను. ఆయన నా మొహం చూసి "లోపలికి రండమ్మా, టీ తాగుదురుగాని" అన్నాడు. ఎందుకని అడగలేదు. తెలిసిపోయింది ఆయనకి. నేను చీదరించుకున్నవాళ్లందరికంటే నేనే చులకనైపోయాను ఆ ఇంట్లో.

అమ్ముడుపోయినవాడి గురించి నేను అన్న మాటలేవీ వెనక్కి తీసుకోను. పరాయివాడైతే ఒక న్యాయం, నా పెంపకమైతే ఇంకో న్యాయం కాదు. నువ్వంటే నాకు రోత పుడుతోంది. రాసేశాను. చదువుకో.

నువ్వు సాక్ష్యం చెప్పాల్సిన మార్చి మూడు ఇంకా రాలేదు. ఆ తెర వెనక కూర్చున్నాక ఎవరూ నీ నోట్లో చెయ్యి పెట్టి మాట బయటికి లాగలేరు. ‘గుర్తులేదు’ అను. రెండేళ్లుగా చెబుతున్న జవాబే కదా. అది చెప్పి బయటికి రా. పదేళ్లు పడితే పడనీ.

మంగళవారం ఆమెతో చెయ్యి నొప్పి అని అబద్ధం చెప్పాను. కొట్టలేదు.

అత్త


(ఊరి పేరు లేదు)
20 ఫిబ్రవరి 2023

అత్తా,

పదేళ్లు పడనీ అన్నావు. తేలిగ్గా అన్నావు. పదేళ్లయితే నీకు డెబ్బై ఎనిమిది. మోకాళ్లు ఇప్పుడే అంతంతమాత్రం. నువ్వు పోతే నీ కర్మకాండకి సంకెళ్లతో ఒక గంట తీసుకొస్తారు, లేదా తీసుకురారు. సాక్ష్యం చెబితే మూడేళ్లేనన్నారు, అందులో ఇప్పటికే రెండు అయిపోయాయి.

ఇది నీకోసం చేస్తున్నానని అనను. అలా రాసి చూశాను, చించేశాను. నాకోసమే. భయం. పాక్-యిన్ గోడ తట్టి చేయదగినది ఏమిటని అడిగితే జవాబు చెప్పలేని రోజు వచ్చింది. వాడికి ఇక్కడ ఉండటం వచ్చు. నాకు రాలేదు. చప్పట్లు కొట్టకూడదని క్యాలెండర్ మీద రాయడం చాలా తేలికత్తా. ఇరవయ్యేళ్ల వయసులో ఎవడైనా రాస్తాడు.

నేనంటే రోత అన్నావు. అక్కడ నువ్వు నాకంటే వెనకబడే ఉన్నావు.

కానీ ఒక మాట అడుగుతాను. ముప్ఫై ఏళ్లుగా నువ్వు కొట్టేది కాగితాన్ని. కొట్టి, కాల్చి, చెయ్యి దులుపుకుని ఇంటికెళ్లి చేపల పులుసు తింటావు. ఆ కాగితం మీద పేరున్నవాళ్లు ఎవరు, ఏ గదిలో, ఎందుకు అలా చేశారో ఒక్కసారైనా అడిగావా? ఇద్దరు ఫోల్డరు కుర్రాళ్లు వస్తే పేర్లు రాయడం మానేశావు. మహా ధైర్యం. నేనూ అంతే చేశాను. నాది తెర వెనక, నీది వంతెన కింద.

ఇది పంపకూడదనుకున్నాను. నల్ల సిరా పడకుండా లాయరు చేతిలో పెట్టి పంపుతున్నాను.

హిమ్


గూస్‌నెక్ వంతెన కింద
10 మార్చి 2023

ఒరేయ్ హిమ్,

మూడో తేదీ పొద్దున్నే కోర్టు దగ్గర వరసలో నిలబడ్డాను. లోపల చోటు దొరికింది. నాకు రెండు కుర్చీల అవతల పాక్-యిన్ వాళ్లమ్మ. ఎదురుగా గాజు గదిలో పాక్-యిన్, మాన్-హేయ్, మిగిలిన ఇద్దరూ. జడ్జీలు ముగ్గురు. పక్కన తెర. ఆసుపత్రిలో మంచాల మధ్య లాగుతారే, అలాంటి గుడ్డ. ఇంత పెద్ద రాజ్యానికి కాస్త మంచి గుడ్డ కొనే స్తోమత లేకపోయింది.

తెర వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. అది ఎవరిదో నాకు తెలీదు. తెలిసినట్టు రాస్తే నేరం. నేను చట్టానికి కట్టుబడే మనిషిని. ఆ గొంతుగలవాడికి చిన్నప్పుడు కోరింత దగ్గు వచ్చిందనీ, అబద్ధమాడేటప్పుడు మాటకి ముందు గొంతు సవరించుకుంటాడనీ కూడా నాకు తెలీదు.

జులై ఒకటి పేజీ ఎవరు రాశారని అడిగారు. గొంతు సవరించుకోలేదు. నిజమే చెప్పింది. "పాక్-యిన్" అంది. మిగతా పేజీలు? "పాక్-యిన్." నూట పన్నెండుసార్లు అడిగారు, నూట పన్నెండుసార్లూ ఆ పేరే. ఏ పేరూ రాయకూడదని నాకు చెప్పిన ప్రభుత్వం అక్కడ కూర్చుని ఒక్క పేరుని నూట పన్నెండుసార్లు రాసుకుంది. రిజిస్టరు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

పాక్-యిన్ తల దించలేదు. తెరకేసే చూస్తూ, మధ్యలో ఒకసారి ముందున్న చెక్క మీద వేళ్లతో మెల్లిగా తట్టాడు. రెండుసార్లు. ఆ గొంతు ఆగిపోయింది. నీళ్లు కావాలంది. తాగి, మళ్లీ మొదలెట్టింది.

వాళ్లమ్మకి మొదటి మాటకే తెలిసిపోయింది. తెలియకేం? ఆ గొంతు ఆవిడ వంటింట్లో ఎన్నిసార్లు "పిన్నీ, ఇంకొంచెం వెయ్యి" అందో. బయటికి వచ్చేటప్పుడు నన్ను చూడలేదు.

సోమవారం పురుగులు నిద్రలేచే రోజు. ఏడాదికంతటికీ మాకు అదే పండగ. వంతెన కింద ఇసుక వేస్తే రాలదు, అంత జనం. నాలుగు వైపులా బూట్ల మోత. ఫోల్డరు కుర్రాళ్లిద్దరూ అవతల పేవ్‌మెంటు మీద నిలబడి చూస్తున్నారు. సాయంత్రం నాలుగింటికి వరసలో ఆమె కనబడింది. నా వరసలోనే. పక్కన ఇంకా అయిదుగురు కొట్టేవాళ్లున్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్లలేదు. రెండు గంటలు నిలబడి నా ముందు కూర్చుంది.

నేను బూటు తీసి ఆమెకిచ్చాను. "నా వల్ల కాదమ్మా. నువ్వే కొట్టుకో" అన్నాను.

ఆమె ఆ బూటుని తిరగేసి చూసింది. మడమ దగ్గర అరుగుదల చూసింది. వాళ్ల గుమ్మంలో ఎన్నిసార్లు విడిచిన బూటో. "ఇన్నాళ్లూ దీంతోనేనా?" అంది.

"దీంతోనే. నాకు తెలీదు అప్పుడు."

బూటు నా ఒళ్లో పెట్టేసింది. "నాకు కొట్టడం రాదు ఆరో అత్తా. పనిమంతురాలివి నువ్వే కొట్టు. కానీ ఈసారి ఉత్త కాగితం వద్దు. పేరు మానేయ్, దానికి చట్టం ఒప్పుకోదు. పుట్టిన తేదీ రాయి. అది నీకంటే బాగా ఎవరికి తెలుసు?" పెన్ను కూడా తనే ఇచ్చింది.

హిమ్, నువ్వు రాసిన ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది అప్పుడు. కాగితం మీద పేరున్నవాళ్ల గురించి ఎప్పుడైనా అడిగావా అన్నావు. అడగలేదు. అడిగితే చెయ్యి లేవదు, చెయ్యి లేవకపోతే ఈ పని లేదు. నిజమే అన్నావు. నిజం చెప్పినందుకు నీ మీద కోపం ఇంకొంచెం పెరిగింది. నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు. పాక్-యిన్ లెక్కన ఇంకో పదేళ్లకి చూద్దాం.

నేను ఈ పనిలో అబద్ధం తేదీ ఎప్పుడూ రాయలేదు. మా గురువమ్మ దగ్గర ఒట్టు వేశాను. ఆ రోజు రాశాను. గొర్రె సంవత్సరం, ఎనిమిదో నెల, పంతొమ్మిదో రోజు.

ఆమె కాగితం తీసుకుని చదివింది. రెండోసారి చదివింది. వాళ్లబ్బాయిదీ కుందేలు సంవత్సరమే. ఇద్దరికీ కలిపి పుట్టినరోజు నూడుల్స్ వండిన మనిషికి గొర్రె ఎక్కడిదో తెలియకుండా ఉంటుందా? నా తల కేసి చూసింది, నెరిసిన జుట్టు కేసి. ఆ కాగితాన్ని తనే ఇటుక మీద పెట్టి, మడతలు లేకుండా అరచేత్తో సరిచేసింది.

"కొట్టు" అంది.

కొట్టాను. ఏమీ తగ్గించలేదు. తల మీద, నోటి మీద, వీపు మీద. ఆమె చూస్తూ కూర్చుంది. కాగితం పీలికలయ్యాక కూడా "ఇంకా" అంది. ఇంకా కొట్టాను. మా ఆనవాయితీ ప్రకారం కాగితపు పులి బొమ్మ నోటికి, అది ఎవర్నీ కరవకుండా, పంది కొవ్వు రాసి, అన్నీ కలిపి కాల్చేశాను. ఆమె లేచి, బట్టలు దులుపుకుని, జనంలో కలిసిపోయింది. థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ బూటు ఆమె మీదకే విసిరేదాన్ని.

ఇంటికి వచ్చి బూటు కడిగాను. ఎడమది అరిగిపోయి కుడిదాని పక్కన చిన్నపిల్లాడిదిలా ఉంది. వచ్చినప్పుడు తొడుక్కోవడానికి జత కుదరదు. వేరేవి కొనుక్కో, నేను కొనను. అన్నం మాత్రం వండుతాను. అది ఎవరికైనా వండుతాను.

ఆ సోమవారం నుంచి నాకు భుజం కింద నుంచి నడుం దాకా పట్టేసింది. మంచం మీద వాలలేకపోతున్నాను. డాక్టరు వయసు అంటున్నాడు.

నీ వీపు ఎలా ఉందో రాయి.

ఆరో అత్త